అడగడం మానేసిన సార్

ఫైలు మీద అతికించిన ఫోటో చూసి ఆయన్ని గుర్తుపట్టలేకపోయాను. పేరు చదివాక తెలిసింది. నాలుగేళ్లపాటు దాదాపు రోజూ ఆయనతో మాట్లాడాను. ఇప్పటికీ వందమంది మాట్లాడుతున్న చోట ఆయన గొంతు ఏదో చెప్పేయగలను. ముఖం మాత్రం మూడుసార్లే చూశాను. అందులో రెండుసార్లు తల దించుకునే ఉన్నాను.

నాందేడ్‌లో మా రైల్వే ఆఫీసులో నాది ఫైళ్లు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు మోసే పని. అంతకుముందు గేటు మీద ఉండేదాన్ని. రైలు పట్టాలను రోడ్డు దాటే చోట, బండి వచ్చేముందు గేటు వేసి, పోయాక తీయడం. ఇప్పుడక్కడ పట్టాల కింద నుంచి దారి తవ్వారు. గేటు పోయింది, పక్కనున్న గదీ పోయింది, నన్ను తెచ్చి ఈ ఫైళ్ల మధ్య పడేశారు.

"అక్కా, నీకు తమిళం అస్తదంటివి గద," అని ఆ రోజు క్లర్కు పిలిచాడు. "ఈమె ఇంటాయన పోయిండట. మన దిక్కు డ్యూటీ చేసిన కాలం కాగితాలు ఏవో కావాల్నట. హిందీ జర జర మాట్లాడుతుంది. నువ్వు దగ్గర కూసోని ఏం గావాల్నో అడుగు."

కిటికీ పక్క కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్లో ప్లాస్టిక్ సంచి, సంచి మీద రెండు చేతులు. దగ్గరికి పోయి నిలబడ్డాను.

నాకు తమిళం వచ్చని ఆఫీసులో చెప్పుకున్నది గొప్పకు. వచ్చిందంతా ఒక గుప్పెడు. నమ్మొచ్చా, నమ్మండి, నిజంగానా, ఊరికే అనకు, నాకు అనుమానంగా ఉంది, చూద్దాం, అట్లా అయి ఉండొచ్చు. అంతా నమ్మకం, లేకపోతే అనుమానం. భర్త పోయి అంత దూరం నుంచి వచ్చిన మనిషిని అన్నం తిన్నారా అని అడగడానికి నా దగ్గర మాట లేదు. చెయ్యి నోటి దగ్గర పెట్టి సైగ చేశాను. తిన్నానన్నట్టు ఆమె తల ఊపింది. నాకు ఇంత కురచ తమిళం నేర్పింది ఆమె భర్తే.

నా పెనిమిటి పట్టాల మీద పనిచేసేవాడు. డ్యూటీలోనే పోయాడు. ఆయన బదులుగా నాకు గేటు ఇచ్చారు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు. మాది ధర్మాబాద్ పక్క పల్లె. తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను, ఇది రాయగలుగుతున్నది ఆ చదువు పుణ్యమే. గేటు మీద చేరిన కొత్తలో నాకు బండ్లంటే భయం లేదు, ఫోన్ అంటే భయం ఉండేది.

ఆ ఫోన్ సంగతి చెప్పాలి. బండి వచ్చేముందు స్టేషన్ మాస్టర్ సార్ ఫోన్ చేస్తాడు. మేము గేటు వేసి, తాళం పెట్టి, మా దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబర్ చదువుతాం. రెండంకెల నంబర్. ప్రైవేట్ నంబర్ అంటారు. ఒకసారి చెప్పింది కొట్టేస్తాం, మళ్లీ వాడం. ఆయన తన పుస్తకంలో రాసుకుంటాడు, మేము మా పుస్తకంలో రాసుకుంటాం. నంబర్ చెప్పామంటే గేటు మూసి ఉన్నట్టు. అది దొరికాకే ఆయన సిగ్నల్ ఇస్తాడు. ఆయనకు గేటు కనబడదు, మాకు ఆయన కనబడడు.

మిగతా స్టేషన్ మాస్టర్లకు నంబర్ చాలు. ఇట్లా చెప్పగానే అట్లా టక్కున ఫోన్ పెట్టేసేవారు. ఆ ఫోటోలోని సార్ వచ్చాక పద్ధతి మారింది. ముందు ఒక చిన్న దగ్గు దగ్గేవాడు. లైన్‌లో గరగర ఉంటుంది కదా, మొదటి మాట అందులో కొట్టుకుపోకుండా ముందు ఒక దగ్గును పంపేవాడన్న మాట. తర్వాత బండి సంగతి చెప్పేవాడు. నేను నంబర్ చెబితే "ఏళు, నాలు" అని ఆ అంకెలనే తమిళంలో తిరిగి చదివేవాడు. ఇంక అయిపోయిందనుకునేసరికి అడిగేవాడు, "నంబలామా?"

మొదటి రోజు నాకు అర్థం కాలేదు.

"ఏంది సార్?"

"భరోసా. నమ్మొచ్చా అంటున్నా."

నాకు కోపం వచ్చింది. "నంబర్ ఇచ్చిన గద సార్. ఇంకేం గావాలె?"

"నంబర్ పేపర్ చెప్తాది మా. నువ్వు చెప్పు."

మాట చివర ఆ 'మా' అంటే అమ్మా అని. ఏం చెప్పాలో ఆయనే చెప్పాడు. "నంబుంగ" అనాలట. నమ్మండి అని. మన నమ్మకానికి దగ్గరి చుట్టం కాబట్టి నోరు తిరగడం కష్టమేమీ కాలేదు. "నంబుంగ సార్" అన్నాను. అవతల రిసీవర్ మెల్లగా పెట్టిన చప్పుడు వినబడింది. ఆయన ఫోన్ ఎప్పుడూ మెల్లగానే పెట్టేవాడు, పడుకున్న పిల్లను పక్క మీద దించినట్టు.

"సార్‌కు జర తిక్క ఉన్నట్టుంది," అన్నాడు కాకా. కాకా అంటే నాతో షిఫ్టు మార్చుకునే పెద్దాయన, ఆ గేటు మీదే వెంట్రుకలు తెల్లబడ్డ మనిషి. "నన్ను గూడ అడిగిండు. నేను హో సార్, హో సార్ అన్న. నాతోని కాదు, నువ్వే నేర్చుకో బిడ్డా."

నేర్చుకున్నాను. షిఫ్టు ఎక్కగానే ఫోన్ పనిచేస్తున్నదా లేదా అని ఒకసారి పరీక్ష చేయాలి. ఆ పరీక్షలో రోజుకో మాట. ఒకసారి అడిగాను, "నీళ్లు, అన్నం, పోయి రా, అచ్చి పో, గివన్ని ఇడిసిపెట్టి గిదేం చదువు సార్?" అని. ఆయన నవ్వాడు. ఆయన నవ్వు కూడా దగ్గులాగే ఒక్కటే ఉండేది.

"నీళ్లు కావాలంటే చెయ్యి చూపిస్తే చాలు మా. అన్నానికీ చెయ్యి చాలు. నమ్మినానా, నమ్మలేదా, అది చెయ్యితో ఎట్ల చూపిస్తావు? దానికే మాట కావాల."

నిజమే అనిపించింది. ఈ గేటు మీద నాకూ ఆయనకూ మధ్య నీళ్లతో, అన్నంతో పని లేదు. ఉన్నదంతా ఆ ఒక్క సంగతే.

ఆయనకు మాటల మీద తనవైన పట్టింపులు ఉండేవి. "పాక్కలాం" అంటే చూద్దాం. ఎవరైనా ఆ మాట అంటే ఇక ఆ పని కోసం ఎదురుచూడొద్దనేవాడు. "ఇరుక్కలాం" అంటే అయి ఉండొచ్చు. అది పిరికివాళ్ల మాటట. "సందేగమా ఇరుక్కు," అనుమానంగా ఉంది అనడం తప్పు కాదనేవాడు. "నాకు అనుమానంగా ఉంది అంటే అది నా లోపలి సంగతి మా. నీ మీద నింద కాదు. అది అనగలిగితేనే బండ్లు క్షేమంగా పోతాయి." ఇక "సత్తియమా," ఒట్టు అనే మాట. ఒకరోజు తొందరలో నేనే దాన్ని వాడాను, "గేటు ఏసిన, సత్తియమా సార్" అని.

"ఆ మాట వద్దు మా. నిజం చెప్పేవాళ్లకు ఒట్టు ఎందుకు? ఒట్టు వేసినోళ్లను నేను సగమే నమ్ముతా. నిజం చిన్నగా ఉంటాది. అబద్ధమే పొడుగు."

నేను ఆ పాఠం బాగా ఒంటపట్టించుకున్నాను. ఎంత బాగా అంటే, ఈ రోజుకీ దాన్ని తలుచుకుంటే నాకు నా మీదే భయం వేస్తుంది.

ఆయన్ని మొదటిసారి చూసింది ఆయన వచ్చిన ఏడాది చలికాలం. సెలవు రోజున పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కాకు మెడ దాకా గుండీలు. ఎవరో తనిఖీకి వచ్చారనుకుని నేను లేచి నిలబడ్డాను. ఆయన చెంపకు పిడికిలి ఆనించి, ఫోన్ పట్టుకున్నట్టు చేసి, ఒక్కసారి దగ్గాడు. నాకు నవ్వు ఆగలేదు.

"రోజూ ఏ గేటుకు సిగ్నల్ ఇస్తున్నానో చూడాల అనిపించింది," అన్నాడు. గేటు చక్రం తనే తిప్పి దించాడు, లేపాడు. తాళం వేసి లాగి చూశాడు. రెండడుగులు పోయి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూశాడు. "ఇది నా జబ్బు. ఇంట్లో కూడా ఇంతే," అని తనే చెప్పాడు. నేను ఇచ్చిన నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి, అదే పట్టాల మీద వెనక్కి పోయాడు.

ఆ రోజు గేటు దగ్గర ఆయన చూడంది ఒకటి ఉంది. దాన్ని మేము ముందు నంబర్ అనేవాళ్లం. నాకు నేర్పింది కాకాయే. ఇది ఎక్కడా రాసి ఉండదు, ఏ పెద్దసారుకూ తెలియదు. తెలిసినా తెలియనట్టు ఉంటారు.

"సార్ ఫోన్ చేయంగనే నంబర్ ఇచ్చెయ్ బిడ్డా," అన్నాడు కాకా. "సార్ పని సార్‌ది అయితది. బండి అచ్చేసరికి ఇంక మస్తు టైం ఉంటది. ఉన్న నాలుగు ట్రాక్టర్లను దాటనిచ్చి అప్పుడు మెల్లగ గేటు ఎయ్యి. ముందుగాల్నే ఏసినవనుకో, ఆ ట్రాలీలోళ్లు నిన్ను పీక్క తింటరు."

అది నిజం. గేటు వేసిన మరుక్షణం నుంచి తిట్లు మొదలయ్యేవి. ఒంటరి ఆడదాన్ని, ఇంకా గట్టిగా తిట్టేవారు. అందుకని గేటు తెరిచి ఉండగానే నంబర్ చదివేదాన్ని. మిగతా స్టేషన్ మాస్టర్లకు అట్లా చదవడం నాకు తప్పుగా తోచలేదు. కాగితంలో ఉన్నది చదివాను, అంతే. ఈయన దగ్గర మాత్రం దాని తర్వాత ఇంకొకటి ఉండేది. "నంబలామా?" అని ఆయన, "నంబుంగ సార్" అని నేను. కళ్ల ముందు గేటు ఆకాశంలోకి లేచి ఉండేది. రోజూ కాదు. రోడ్డు మీద బండ్లు ఎక్కువ ఉన్న రోజుల్లో. తర్వాత తర్వాత, రోజూ.

దీపావళి ముందు, సోయా కోసిన రోజులు. ధర్మాబాద్ మార్కెట్‌కు పోయే ట్రాలీలు గేటుకు అటూ ఇటూ కిక్కిరిసి ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటింది. ప్యాసింజర్ వస్తున్నదని ఫోన్. దగ్గు, బండి సంగతి, నా నంబర్, ఆయన తిరిగి చదవడం.

"నంబలామా?"

"నంబుంగ సార్."

ఆ మాట అంటున్నప్పుడు ఒక ట్రాక్టరు నా ముందే పట్టాలు దాటుతున్నది. ఫోన్ పెట్టేసి, ఇంకొకదాన్ని పోనిచ్చాను. దాని వెనక ఒక జీపు. దీన్ని కూడా పోనిద్దామనుకున్నాను. అది సరిగ్గా పట్టాల నడుమకు వచ్చి ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, ఇంజను మూలుగుతున్నది గానీ అందుకోవడం లేదు. మలుపు అవతల బండి కూత వినబడింది.

ఎర్రజెండా పట్టుకుని పట్టాల మధ్య పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ఏం అరిచానో తెలియదు. జీపులోని నలుగురూ బయటికి దూకారు. బండి చక్రాలు పట్టాలను కోస్తున్నట్టు అరిచి, జీపుకు కొద్ది దూరంలో నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజను నుంచి డ్రైవరు దిగి వచ్చాడు. గేటు ఎందుకు తీసి ఉందని అడిగాడు.

"గేటు ఏసిన సాబ్," అన్నాను. "ఈ జీపాయన దిగి తాళంచెవి గుంజుకోని చక్రం తిప్పి లేపిండు."

ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు. ఎప్పటి నుంచో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. జీపు డ్రైవరు నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు. "అక్కా, గేటు ఖుల్లా ఉండె గద," అన్నాడు ఆశ్చర్యంగా, నేను మరిచిపోయి ఉంటే గుర్తుచేస్తున్నట్టు.

విచారణ నాందేడ్‌లో, ఇప్పుడు నేను పనిచేస్తున్న ఈ ఆఫీసులోనే, పై అంతస్తులో జరిగింది. నాకు కనబడుతున్నది ఒక్కటే. గేటు తెరిచి నంబర్ ఇచ్చానని తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే పిల్లలను తీసుకుని ఎవరి పంచన చేరాలి? పక్కన కాకా గొణుగుతూనే ఉన్నాడు, "ముందు నంబర్ సంగతి ఎత్తకు బిడ్డా, అందరం పోతం" అని.

సార్‌ను కూడా సాక్ష్యానికి పిలిచారు. అది ఆయన్ని రెండోసారి చూడడం. వరండాలో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మెడ దాకా గుండీలు. నేను ఆయన చెప్పులు చూస్తున్నాను.

"నువ్వు చెప్పిందే నేను లోపల చెప్తా మా," అన్నాడు. "నంబలామా?"

ఒట్టు వేయాలని నాలుక కొస దాకా వచ్చింది. మింగేశాను. ఒట్టు వేస్తే సగమే నమ్ముతాడు. జీపు గురించి, చక్రం గురించి ఇంకా చెప్పాలనిపించింది. అదీ మింగేశాను. పొడుగ్గా చెబితే నమ్మడు. ఆయనకు ఏది ఎట్లా చెబితే నమ్ముతాడో ఆయనే నాకు రోజుకో మాట చొప్పున నేర్పాడు. ఆ నేర్పంతా ఆ నిమిషంలో పనికొచ్చింది.

"నంబుంగ సార్," అన్నాను చిన్నగా.

ఆయన తల ఊపి లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంది, నాకు అంతా వినబడింది. నంబర్ తీసుకునేటప్పుడు ఫోన్‌లో ట్రాక్టర్ల చప్పుడు వినబడిందా అని ఆఫీసరు అడిగాడు. "ఆమె మాట విన్నాను సార్. ఇంకేం వినలేదు," అన్నాడు. ఆమె అబద్ధం ఆడి ఉండొచ్చు కదా అన్నాడు ఆఫీసరు. దానికి ఆయన ఒక దగ్గు దగ్గి, "అనుమానం ఉంటే సిగ్నల్ ఇచ్చేవాణ్ని కాదు. ఆమె మాట నా మాట అని రాసుకోండి," అన్నాడు.

రాసుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. జీపాయన మీద కేసు పెట్టారు. ఆయనతో ఉన్న ముగ్గురూ ఆయన చుట్టాలే, వాళ్ల మాట ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. జీపు పోలీస్ స్టేషన్ ఆవరణలో రెండు వానాకాలాలు తడిసింది. బస్సులో అటు పోయిన ప్రతిసారీ కిటికీలోంచి అది కనబడేది. టైర్లు దిగిపోయాయి, సీట్లలో గడ్డి మొలిచింది. ఆయనది మర్ఖేల్ అని, ఇప్పుడు ఎవరి దగ్గరో కూలికి పోతున్నాడని విన్నాను. నేను అడగకపోయినా ఆయన సంగతులు ఎట్లాగో నా చెవిన పడేవి.

విచారణ తర్వాత మొదటి డ్యూటీ రోజు ఫోన్ మోగింది. దగ్గు, బండి సంగతి. నేను ఉరికి పోయి గేటు వేశాను, తాళం పెట్టాను, లాగి చూశాను, వచ్చి నంబర్ చెప్పాను. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ముందు నంబర్ ఇవ్వలేదు. ట్రాలీలవాళ్లు అమ్మనాబూతులు తిట్టినా ఇవ్వలేదు. ఆయన నంబర్ తిరిగి చదివాడు. 'నంబలామా' కోసం రిసీవర్ చెవికి అదిమి పట్టుకున్నాను. ఈసారి నిజంగా, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను.

ఆయన అడగలేదు. కాసేపు లైన్‌లో గరగర. "సరి మా," అన్నాడు. మెల్లగా పెట్టేశాడు.

ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ అడగలేదు. నేను నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆయన అడగడం మానేశాడు. ఫోన్ పరీక్ష చేసేటప్పుడు కొత్త మాట చెప్పబోతే "బండ్లు ఉన్నయి సార్" అని నేనే తప్పించుకునేదాన్ని. రెండు నెలలకు ఆయన కూడా పాఠాలు ఆపేశాడు. నంబర్‌కూ "సరి మా"కూ నడుమ ఒక ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో నేను రోజుకు పదిసార్లు చచ్చేదాన్ని.

ఆయనకు తెలిసిపోయిందని తీర్మానించుకున్నాను. ఎందుకు తెలియదు? మూసిన గేటు చప్పుడు వేరు, తెరిచిన గేటు చప్పుడు వేరు. అంత చెవి పెట్టి వినే మనిషికి ఫోన్‌లో ట్రాక్టరు వినబడకుండా ఉంటుందా? తెలిసే నన్ను కాపాడాడు, తెలుసు కాబట్టే ఇక అడగడం లేదు అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు సులువుగా ఉండేది. తెలిసిన మనిషికి కొత్తగా చెప్పుకోవాల్సింది ఏముంటుంది?

మూడోసారి చూసింది ఆయన బదిలీ మీద పోతున్నప్పుడు. ప్యాసింజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పచ్చజెండా పట్టుకుని గేటు పక్కన ఉన్నాను. ఆయన కళ్లు ముందు గేటు మీదికి పోయాయి, తర్వాత నా మీదికి వచ్చాయి. అది నేను చూశాను. చెంపకు పిడికిలి ఆనించాడు. నేను తల దించుకున్నాను. బండి పోయాక చాలాసేపు గేటు తీయడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను, జనం హారన్లు కొడుతున్నారు.

అప్పటి నుంచి ఆ గొంతు నన్ను వదల్లేదు. పొయ్యి ఆర్పి నాలుగడుగులు వేస్తే వెనక నుంచి అడుగుతుంది. పెద్దపిల్ల పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "మీ మాటే మాకు చాలు" అంటే, వాళ్ల వెనక గోడలోంచి అడుగుతుంది. ఆఫీసులో ఏ ఫోన్ ఎత్తినా అవతలివాళ్లు మాట్లాడేలోపల ఒక దగ్గు కోసం ఆగుతాను.

ఇదంతా నాలో తిరుగుతుండగా సార్ భార్య కాగితాలు చూపిస్తూ హిందీలో ఏదో చెబుతున్నది. ఆయన ఇక్కడ పనిచేసిన కాలం పేజీ ఒకటి తక్కువైందట. నేను వెతికి తీశాను. ఆమె దాన్ని తీసుకుని, నేను వచ్చినప్పటి నుంచి తన వైపు అట్లా ఎందుకు చూస్తున్నానో అడిగింది.

"నేను సార్ దగ్గర గేటు మీద పనిచేసిన," అన్నాను.

ఆమె చేతులు సంచి మీద ఆగిపోయాయి. "ఆ గేటు అమ్మ నువ్వేనా?"

తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడింది. కొంత హిందీ, కొంత తమిళం, నాకు అందినంత తెలుగులో రాస్తున్నాను. ఇంటికి తాళం వేస్తే వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి లాగి చూసే మనిషట. గ్యాస్ ఆపావా అని ఆమెను మూడుసార్లు అడిగేవాడట. పెళ్లయిన కొత్తలో ఏడ్చేదట, నా మీద నమ్మకం లేదా అని. "అట్లాంటి మనిషి ఒకరోజు నాందేడ్ నుంచి వచ్చి నాతో అన్నాడు, గేటు అమ్మను ఇక అడగనని. పదిమంది ఆఫీసర్ల ముందు ఆమె మాట నా మాట అని చెప్పి వచ్చాక, మళ్లీ నమ్మొచ్చా అని అడిగితే ఆమెను అవమానించినట్టు అవుతుంది అన్నాడు. నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన నన్ను అడుగుతావు, ఆమెను అడగవా అన్నాను." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. "పోయే ముందు దాకా అదే చెప్పేవాడు. జన్మలో ఒక్క మనిషిని రెండోసారి అడగకుండా నమ్మానని."

పక్క కుర్చీలో కూలబడ్డాను. ఆయనకు తెలియదు. ఇన్నేళ్లు నేను ఆనుకుని బతికిన గోడ లేదు. తెలిసే నన్ను కాపాడిన మనిషి లేడు. నేను మోసం చేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయనా ఇప్పుడు లేడు.

ఆయన నేర్పిన తమిళంలో దీనికి మాట లేదు. నాకు వచ్చిన హిందీలోనే చెప్పాను. గేటు తెరిచే ఉందని, రోజూ అట్లాగే ఉండేదని, జీపాయన చక్రం ముట్టుకోలేదని, వరండాలో ఆయన అడిగినప్పుడు కూడా నేను అబద్ధమే చెప్పానని. పొడుగ్గా కాదు. నాలుగే మాటలు.

ఆమె కిటికీ వైపు తిరిగింది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఇటు తిరిగేసరికి ఆమె ముఖం వేరుగా ఉంది.

"ఆ జీపు మనిషి ఉన్నాడా?"

"ఉన్నడు."

"ఎప్పుడైనా పోయి కలిశావా?"

"లేదు."

"నీ మాట తన మాట అని మా ఆయన చెప్పి పోయాడు," అంది. "అంటే నీ అబద్ధం ఆయన పేరు మీద కూడా ఉంది. ఆయన వచ్చి దిద్దుకోలేడు. నేను రాత్రి బండికి మా ఊరికి పోవాలి, ఆలోపల ఇద్దరం అతని దగ్గరికి పోయి వద్దాం." కాగితాలన్నీ సంచిలో పెట్టి లేచి నిలబడింది. "అతని ఊరికి బస్సు ఉందా?"

దెగ్లూర్ దాకా బస్సు ఉందని, అక్కడి నుంచి మర్ఖేల్‌కు ఆటోలు పోతాయని చెప్పాను. ఆమె నా కోసం తలుపు దగ్గర ఆగింది. నేను క్లర్కు దగ్గరికి పోయి ఫైలు టేబుల్ మీద పెట్టాను. ఇప్పుడు బయటపెడితే ఈ ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు. సగంరోజు సెలవు కావాలన్నాను.

"ఏడికక్కా?" అన్నాడు క్లర్కు తల ఎత్తకుండానే.

"మర్ఖేల్."

"అక్కడ మీవోళ్లు ఎవరన్న ఉన్నరా?"

చుట్టూ నాలుగు టేబుళ్ల దగ్గర మనుషులు ఉన్నారు. అందరికీ వినబడేటట్టే చెప్పాను.

"నా అబద్ధానికి జైలుకు పోయినాయన ఉన్నడు."